సెలెస్ట్: కొన్నేళ్లు ఆడాక చెబుతున్న మాట

2018 జనవరిలో వచ్చిన సెలెస్ట్ అనే ఈ వీడియో గేమ్‌ను అనంతపురంలో మా ఇంట్లో, పాత ల్యాప్‌టాప్ మీద కొన్నేళ్లుగా ఆడుతున్నాను. ఇప్పటికీ తీసేయబుద్ధి కాలేదు. చాలా కష్టమైన ఆట అని అందరూ చెప్పేది నిజమే. కానీ నన్ను పట్టి ఉంచింది కథ. ముందే చెబుతున్నా, ఆ కథంతా ఇక్కడ విప్పేస్తున్నాను.

మ్యాడెలిన్ అనే అమ్మాయి కెనడాలోని సెలెస్ట్ కొండ ఎక్కడానికి వస్తుంది. ఆమెకు డిప్రెషన్ ఉంది, ఉన్నట్టుండి ఊపిరాడనివ్వని భయం ఉంది. ఎందుకు మొదలయ్యాయో ఆట చెప్పదు. మొదట్లో ఇది లోటనిపించింది. ఇప్పుడు ఇదే సరైన పని అనిపిస్తోంది. కారణం చెప్పలేక లోలోపల నలిగిపోయేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. "నీకేం తక్కువ?" అని అడిగితే వాళ్ల దగ్గర జవాబుండదు.

నాలుగో అధ్యాయంలో కేబుల్ కారు మధ్యలో ఆగిపోతుంది. మ్యాడెలిన్‌కు ఊపిరి అందదు, చుట్టూ చీకటి కమ్ముకొస్తుంది. కొండ దారిలో పరిచయమై, ఇప్పుడు పక్కనున్న థియో ఒక ఈకను ఊహించుకుని, ఊపిరితో దాన్ని గాల్లో నిలపమంటాడు. బటన్ నొక్కితే ఈక లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆడుతూ ఆడుతూ నా ఊపిరి కూడా నెమ్మదించింది. ఇంకో ఆటైతే ఆమెకు అక్కడితో నయమైపోయేది. ఇక్కడ అలా కాదు. ఆరో అధ్యాయంలో ఆమె మళ్లీ ఆ ఈకనే తలుచుకుంటుంది. ఆమె భయమే మనిషి రూపం కట్టిన బ్యాడలీన్ దాన్ని తెగ్గొట్టి, ఆమెను కొండ కిందికి తోసేస్తుంది. నాకు నిజంగా కడుపులో దేవినట్టయింది. తర్వాత కొండ దగ్గరుండే అవ్వ, తరమడం మాని బ్యాడలీన్‌తోనే మాట్లాడి చూడమంటుంది. ఇద్దరూ ఒకటయ్యాక గాల్లో ఒక డాష్‌కు (ఒక్క ఉదుటున దూసుకెళ్లడానికి) బదులు రెండు వస్తాయి. వాళ్లు కలిసిన సంగతి మన వేళ్లకే తెలుస్తుంది.

ఇంటర్ ఫస్టియర్‌లో 470కి 465 వస్తే "ఆ ఐదు ఎక్కడ పోయాయి?" అని అడిగేవాళ్ల మధ్య చదువుకున్నవాణ్ని నేను. అందుకే మనం ఎన్నిసార్లు చచ్చామో ఈ ఆట లెక్క చూపించే తీరు నన్ను కదిలించింది. ఆ లెక్క చూసి గర్వపడు, ఎంత చస్తే అంత నేర్చుకుంటున్నట్టు అంటుంది. చచ్చిన మరుక్షణం అదే గదిలో మళ్లీ నిలబెడుతుంది. దారి పొడవునా 175 స్ట్రాబెర్రీలు ఉంటాయి. ఏరకపోయినా కథ ఆగదు. తక్కువ ఏరితే చివర్లో వాటితో చేసే "పై" అనే తీపి వంటకం అంత బాగా రాదు, అయినా అందరూ కూర్చుని తింటారు. మా చెల్లెలు ఆటను తేలిక చేసే అసిస్ట్ మోడ్‌లో వేగం తగ్గించుకుని కథ పూర్తి చేసింది. నాకంటే ఎక్కువే ఏడ్చింది.

నాకున్న ఫిర్యాదు బంగారు స్ట్రాబెర్రీల మీద. అధ్యాయం మొత్తం ఒక్కసారి కూడా చావకుండా దాటితేనే అవి దక్కుతాయి. కథేమో నిన్ను నువ్వు హింసించుకోకు అంటుంది, ఈ పండేమో ఆ హింసకే పిలుస్తుంది. మూడో అధ్యాయంలో హోటల్ భాగం కూడా కాస్త సాగింది.

అసలు దెబ్బ 2019 సెప్టెంబరులో ఉచితంగా వచ్చిన తొమ్మిదో అధ్యాయం ఫేర్‌వెల్. అది అవ్వ సమాధి దగ్గర మొదలవుతుంది. అంత్యక్రియలకు మ్యాడెలిన్ వెళ్లలేదు. ఒక పిట్టను పట్టుకుంటే అవ్వే దొరుకుతుందన్నట్టు దాని వెంట పడుతుంది. బ్యాడలీన్ ఆపబోతే వినదు. ఇద్దరూ విడిపోతారు, రెండో డాష్ పోతుంది. అక్కడి నుంచి ఆట మహా కఠినం. ఘట్టాల పేర్లు కూడా డిటర్మినేషన్ (పట్టుదల), స్టబర్న్‌నెస్ (మొండితనం), ఆ తర్వాతే రికన్సిలియేషన్ (రాజీ). స్టబర్న్‌నెస్‌లో నేను గది తర్వాత గది పళ్లు బిగించి దాటుతూ పోయాను. ఆమె చేస్తున్నదీ అదే. ఇంకొక్క గది దాటితే చాలనుకుంటూ, అవ్వ లేదన్న మాట దగ్గరికి మాత్రం రావడం లేదు.

మా జేజి పోయినప్పుడు నాన్న దినాలు అయిన మర్నాడే అంగడి తెరిచాడు. సరుకు దించడం, లెక్కలు సరిచూడటం, అరలన్నీ మళ్లీ సర్దడం. రాత్రి పదైనా ఇంటికొచ్చేవాడు కాదు. చుట్టాలు "గట్టివాడప్పా" అన్నారు. ఫేర్‌వెల్ ఆడుతున్నప్పుడు ఆ అరలే గుర్తొచ్చాయి. పని చక్కగా చేయాలన్న పట్టుదల, బాధ దగ్గర కూర్చోలేకపోవడం, బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి. ఈ తేడాను ఇంత ఓర్పుగా చూపించిన ఆట ఇంకొకటి నేను ఆడలేదు.

పాత కంప్యూటర్ మీదైనా ఆడుతుంది, నెట్ అక్కర్లేదు. కంట్రోలర్ ఉంటే వేళ్లకు సుఖం. లీనా రెయిన్ సంగీతం కోసం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి ఏడు అధ్యాయాలు ఎప్పుడైనా ఆడొచ్చు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, ఫేర్‌వెల్ మాత్రం కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టండి.