డొంకతిరుగుడు, నర్మగర్భం, అన్యాపదేశం, దాటవేత: సూటిగా చెప్పని మాటకు ఏ పేరు మేలు?

ఇటీవల ఒక అనువాదాన్ని సరిచూస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నిధుల లెక్క అడిగితే ఒక అధికారి ఎక్కడెక్కడి సంగతులో ఎత్తి, అడిగిన లెక్క మాత్రం చెప్పకుండా ముగించాడన్నది మూలంలో ఉన్న విషయం. అనువాదంలో అది ‘అధికారి నర్మగర్భంగా బదులిచ్చారు’ అయింది. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, ఆ మాట ఎరగని పాఠకుడూ ఉండడు. కానీ ఆ ఒక్క మాటతో జవాబులో లేని లోతు వచ్చి చేరింది. ఆయన ఏదో గూఢంగా సూచించాడని, తెలివైనవాళ్లు దాన్ని అందుకోవాలని పాఠకుడు అనుకుంటాడు. నిజానికి అక్కడ అందుకోవడానికి ఏమీ లేదు.

సూటిగా మాట్లాడడానికి తెలుగులో ఉన్న మాటలు చాలావరకు ఒకే వైపు చూస్తాయి. ముక్కుసూటిగా అన్నా, నిర్మొహమాటంగా అన్నా, కుండబద్దలు కొట్టినట్టు అన్నా తేడా మాట తీవ్రతలోనే తప్ప పనిలో ఉండదు. సూటిగా చెప్పకపోవడానికి ఉన్న మాటల సంగతి వేరు. డొంకతిరుగుడు, నర్మగర్భం, అన్యాపదేశం, పరోక్షం, దాటవేత, నాన్చుడు అనేవాటిని నిఘంటువుల సాయంతో ఒకదాని పక్కన ఒకటి పెడితే పర్యాయపదాల్లా కనిపిస్తాయి గానీ, వాక్యంలోకి వచ్చేసరికి ఒకటి నిందిస్తుంది, ఒకటి మెచ్చుకుంటుంది, ఒకటి ఊరికే వర్ణిస్తుంది. వీటిని వేరుచేయడానికి నాకు పనికొచ్చిన కొలత ఒకటుంది. మాట్లాడేవాడికి తన అసలు అర్థం ఎదుటివాడికి చేరాలని ఉందా లేదా, ఉంటే ఎవరికి చేరాలని ఉంది?

ఒక చిన్న సందర్భం తీసుకుందాం. స్నేహితుడు ఆరునెలల కింద పుస్తకం పట్టుకెళ్లాడు, తిరిగి ఇవ్వలేదు. ‘నా పుస్తకం ఇచ్చెయ్‌రా’ అంటే అది సూటి మాట. ‘మొన్న అల్మారా సర్దుతుంటే ఒకచోట ఖాళీ కనిపించిందిరా, అయినా ఈమధ్య చదవడానికి తీరికెక్కడుందిలే, సెలవులొస్తే చూడాలి, నువ్వూ పనుల్లో ఉండి ఉంటావు, అదే, నీ దగ్గర ఏమన్నా ఉన్నాయేమో…’ అంటే డొంకతిరుగుడు. నలుగురూ కూర్చున్నచోట అతడి వైపు నవ్వుతూ చూసి, ‘మా అల్మారాకి ఒక పన్ను ఊడింది, మళ్లీ ఎప్పుడు మొలుస్తుందో’ అంటే నర్మగర్భం. మిగతా ముగ్గురికీ అది ఉత్త వేళాకోళం, అతడికి మాత్రం తాఖీదు. కిటికీలో వాలిన పావురాన్ని చూస్తూ, ‘ఎంత దూరం పోయినా గూటికి తిరిగి రావాలన్న జ్ఞానం దీనికుంది’ అంటే అన్యాపదేశం. ఇక ఆ స్నేహితుడు, ‘అవునుగానీ నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?’ అన్నాడంటే అది దాటవేత. ‘ఇస్తాలే, చూద్దాం, ఈ వారం కాకపోతే వచ్చే వారం’ అంటే నాన్చుడు. ఈ మాటలన్నీ పుస్తకం చుట్టూ పుట్టినవే అయినా, ఒకదాని పేరు మరొకదానికి పెడితే జరిగిన సంగతే మారిపోతుంది.

వీటిలో అచ్చమైన తెలుగు రుచి ఉన్నది డొంకతిరుగుడు. డొంక అంటే తీగలూ కంపలూ అల్లుకున్న పొద. ‘తీగ లాగితే డొంకంతా కదిలింది’ అన్నప్పుడు మనం చెప్పేది దాని గురించే. పొలాల మధ్య కంచెల వెంట సాగే బాటనూ డొంక అంటారు. ఏ అర్థం తీసుకున్నా కళ్లముందు నిలిచే బొమ్మ ఒకటే: తిన్నగా నాలుగడుగులు వేస్తే చేరిపోయే చోటికి మనిషి మలుపుల వెంట తిరుగుతూ పోతున్నాడు. అందుకే ఈ మాటలో ప్రయాస ఉంది, విసుగు ఉంది, ముఖ్యంగా వినేవాడి విసుగు ఉంది. ఎవరూ తన మాటతీరును తాను డొంకతిరుగుడు అని చెప్పుకోరు. అది ఎప్పుడూ అవతలివాడు పెట్టే పేరే. చివరనున్న ‘ఉడు’ కూడా ఆ విసుగుకు తోడవుతుంది. ‘ఉడు’ చేరిన ప్రతి మాటా నింద కాదు గానీ, మాటతీరును చెప్పే గొణుగుడు, సణుగుడు, నసుగుడు, నాన్చుడు వంటివన్నీ వినేవాడి చెవి నుంచి పుట్టినవే.

అయితే డొంకతిరుగుడులో గమ్యం లేకపోలేదు. పుస్తకం అడగడానికి తంటాలు పడుతున్నవాడికి పుస్తకం కావాలి, తన మాట అర్థమవాలి కూడా. అతడికి లేనిది ధైర్యం, లేదా అడ్డొస్తున్నది మొహమాటం. అందుకని ‘డొంకతిరుగుడు సమాధానం’ అని రాసేటప్పుడు చివరికి సమాధానం ఏదో ఒకటి వచ్చిందా అని చూసుకోవాలి. అసలే రాకపోతే ఆ మాట కూడా దయగా మాట్లాడినట్టే అవుతుంది.

మాట నిడివి మాత్రం దీనికి కొలత కాదు. శాతవాహన రాజు హాలుడి పేరుతో ప్రసిద్ధమైన ప్రాకృత గాథల్లో ఒక గాథ ఉంది. ఒక స్త్రీ ఒక ధార్మికుడితో అంటుంది: ఇక నిశ్చింతగా తిరగవయ్యా, నిన్ను బెదరగొట్టే ఆ కుక్కను గోదావరి ఒడ్డున పొదలో ఉండే పొగరుబోతు సింహం ఈ రోజు చంపేసింది. పైకి అనుమతి, లోపల హెచ్చరిక. కుక్కకే జడిసేవాడు సింహం ఉన్నచోటికి ఏం వస్తాడు? ఆ పొద ఆమె తన ప్రియుడిని కలుసుకునే చోటని వ్యాఖ్యాతలు వివరించారు. 9వ శతాబ్దపు కావ్యశాస్త్రకర్త ఆనందవర్ధనుడు ధ్వనిని, అంటే మాటల వెనక స్ఫురించే అర్థాన్ని నిరూపిస్తూ, వాచ్యం (పైకి చెప్పినది) విధిగా ఉండి వ్యంగ్యం (లోపల స్ఫురించేది) నిషేధంగా మారడానికి ఈ గాథనే ఉదాహరించాడు. ఇందులో డొంక ఉంది, తిరుగుడు లేదు. చెప్పదలచుకున్నది ఒక్క అంగలో చేరిపోయింది. దీన్ని డొంకతిరుగుడు అని ఏ తెలుగువాడూ అనడు, సూటి మాట అని కూడా అనడు.

ఇక నర్మగర్భం. నర్మమంటే పరిహాసం, సరసం. కడుపులో సరసాన్ని దాచుకున్న మాట నర్మగర్భం. నాట్యశాస్త్రం కైశికీ వృత్తికి, అంటే శృంగారం, హాస్యం ప్రధానమైన నాటకశైలికి చెప్పిన నాలుగు అంగాల్లో ఇదీ ఒకటి. కార్యం సాధించుకోవడానికి నాయకుడు తన రూపు మరుగుపరచుకుని మెలగడానికి అక్కడ ఆ పేరు పెట్టారు. నేటి వాడుకలో సరసం చాలావరకు జారిపోయి మరుగు మిగిలింది గానీ, ఆ మరుగు వెనక తప్పకుండా ఒక అర్థం ఉండాలి, దాన్ని అందుకోగలవాడు ఒకడైనా అక్కడ ఉండాలి. ఈ రెండూ లేనిచోట ఆ మాట చెల్లదని నా గట్టి అభిప్రాయం.

దీనికి మన ముందున్న గొప్ప ఉదాహరణ ఆదిపర్వంలో విదురుడి మాట. పాండవులు వారణావతానికి బయలుదేరుతున్నప్పుడు పౌరులందరి మధ్యలో ఆయన ధర్మరాజుతో, లోహంతో చేయని పదునైన ఆయుధం ఒకటుందని, అడవిని కాల్చేది కలుగులో దాగినవాటిని కాల్చలేదని, తిరిగేవాడికి దారులు తెలుస్తాయని, నక్షత్రాలను చూసి దిక్కులు పట్టుకోవచ్చని అంటాడు. ధర్మరాజు తెలిసిందంటాడు. జనం వెనుదిరిగాక కుంతి కొడుకును అడుగుతుంది: జనం మధ్య చెప్పీ చెప్పనట్టు విదురుడు ఏదో అన్నాడు, నువ్వు సరేనన్నావు, మాకు అర్థం కాలేదు, ఏమిటది? నిప్పు వల్ల ముప్పు ఉందనీ, దారులన్నీ తెలిసి ఉండాలనీ అప్పుడు ధర్మరాజు విడమరుస్తాడు. విదురుడి మాటలో పరిహాసం చుక్కైనా లేదు, ఆరు ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. వందమంది విన్నారు, ఒక్కడికి చేరింది, చేరాల్సినవాడూ అతడే.

సరసం లేని ఇటువంటి మాటను నర్మగర్భం అనవచ్చా అన్న సందేహం న్యాయమైనదే. బహుశా అందుకే వాడుకలోకి మర్మగర్భం అనే మరో రూపం వచ్చి స్థిరపడింది, పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. కొందరు దాన్ని అచ్చుతప్పుగా లెక్కగట్టి దిద్దేస్తుంటారు. నాకది తొందరపాటుగా తోస్తుంది. మర్మమంటే ఆయువుపట్టు, ఆయుర్వేదంలో సుశ్రుతుడు శరీరంలో 107 మర్మస్థానాలను లెక్కించాడు. అక్కడి నుంచే రహస్యం, లోగుట్టు అన్న అర్థాలు వచ్చాయి. కొంటెతనం ఉన్న గూఢోక్తిని నర్మగర్భమనీ, లోగుట్టు మాత్రమే ఉన్నదాన్ని మర్మగర్భమనీ రాస్తే రెండు మాటలకూ వేర్వేరు పని దొరుకుతుంది. ఈ విభజన ప్రకారం మన పుస్తకం మాట నర్మగర్భం, విదురుడి మాట మర్మగర్భం. రెండూ బరువనిపిస్తే కుంతి అన్న ‘చెప్పీ చెప్పనట్టు’ చాలు, అందులో పండితుడికీ పామరుడికీ తేడా రాదు.

అన్యాపదేశం గురించి ఇంత వివరం అవసరం లేదు, దాని హద్దులు స్పష్టంగానే ఉన్నాయి. అపదేశం అంటే నెపం; ఇంకొకదాని నెపంతో అసలుదాన్ని చెప్పడం అన్యాపదేశం. ఆలంకారికులు అప్రస్తుతప్రశంస అన్నదీ ఇటువంటి మాటనే. చెట్టునో పక్షినో సంబోధిస్తారు, తగలాల్సిన మనిషికి తగులుతుంది. నర్మగర్భోక్తికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ పైమాట కూడా తనంతట తాను నిలబడుతుంది. పావురం గురించి అన్నది పావురానికీ నిజమే, కనుక ‘నన్నేనా అన్నావు?’ అని నిలదీస్తే ‘పావురాన్ని అన్నాను’ అని తప్పుకోవచ్చు. బలవంతుడి ముందు బలహీనుడికి ఇంతకన్న మంచి కవచం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడాన్ని కొందరు దీనితో కలిపేస్తారు, అది సరికాదు. దుత్తకు దెబ్బ తగలడంలో అత్తకు చెప్పే మాటేమీ ఉండనక్కరలేదు.

మెచ్చుకోలూ నిందా రెండూ వద్దనుకున్నప్పుడు పరోక్షం ఉంది. కంటికి ఎదురుగా లేనిది పరోక్షం. పన్నులకూ ఎన్నికలకూ చేర్చి వాడుకునేంత నిర్లిప్తమైన మాట. ఐతరేయోపనిషత్తు ఇదంద్రుడన్న పేరు ఇంద్రుడుగా మారడానికి కారణం చెబుతూ దేవతలు పరోక్షప్రియులని అంటుంది, అంటే ఈ పద్ధతికి గౌరవం కొత్తగా వచ్చినది కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ‘పరోక్షంగా అన్నాడు’ అంటే సూటిగా అనలేదని, ‘పరోక్షంలో అన్నాడు’ అంటే మనిషి లేనప్పుడు అన్నాడని. ఒక్క విభక్తి మారితే మర్యాదస్తుడు చాడీకోరు అయిపోతాడు.

ఈ జాబితాలో చేర్చకూడనిది మృదూక్తి. దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం, బియ్యం అయిపోయాయనకుండా నిండుకున్నాయంటాం, వెళ్తాననకుండా వెళ్లొస్తానంటాం. వీటిలో దాచినది ఏదీ లేదు. వినేవాడికి క్షణం కూడా పట్టకుండా విషయం తెలిసిపోతుంది. తప్పించినది అమంగళమైన మాటను మాత్రమే.

చివరగా, అర్థం చేరకూడదనే పట్టుదల ఉన్నచోట. ఇక్కడ నామవాచకాలకన్నా క్రియలే నిజాయితీగా పనిచేస్తాయి. సమాధానం తెలిసీ వేరే విషయం ఎత్తితే మాట దాటవేశాడు లేదా మాట మార్చాడు. ఏం చెప్పాలో తోచక తడబడితే నీళ్లు నమిలాడు. చెబుతాననే అంటూ రోజులు గడిపితే నాన్చాడు. నీళ్లు నమలడంలో కొంత నిస్సహాయత ఉంది, దాటవేయడంలో లేదు. నాన్చేవాడు తలుపు మూయడు, తెరవడు. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అనడం వీటన్నిటికీ అవతల ఉంది. అందులోని ప్రతి మాటా నిజమే, అయినా ద్రోణుడికి అబద్ధమే చేరాలన్నది కోరిక. దానికి పరోక్షమనో నర్మగర్భమనో పేరు పెట్టడం మోసాన్ని తేలిక చేయడమే. అంతవరకు నేలకు నాలుగంగుళాలు ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ మాటతో నేలకు దిగిందని భారతం చెప్పింది.

కాబట్టి రోజువారీ రాతలో నేను పాటించే వరుస ఇది: వినేవాడిని తిప్పలు పెట్టి చివరికి చెప్పినదానికి డొంకతిరుగుడు, ఒకడికి అందేలా పొదిగినదానికి నర్మగర్భం లేదా మర్మగర్భం, మరొకదాని మీద పెట్టి అన్నదానికి అన్యాపదేశం, ఏ రంగూ పూయకూడని వార్తకు పరోక్షం. అనువాదంలోని ఆ అధికారి వీటిలో దేనికిందికీ రాడు. ఆ వాక్యాన్ని ‘లెక్క అడిగితే అధికారి మాట దాటవేశారు’ అని దిద్దాను. అనువాదకుడు మొదట కటువుగా ఉందన్నాడు, మూలం మళ్లీ చదివి ఒప్పుకున్నాడు.