కాంటా గది నుంచి ఆఫీసుకు: ఎక్స్‌ఎంఎల్ వెబ్ సర్వీసుతో మా మిల్లు అనుభవం

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. కంప్యూటర్లు మొరాయిస్తే అవి కూడా నా మీదే పడతాయి. 2013 వానాకాలం పంటకు కాంటా గదిలో సాఫ్ట్‌వేర్‌నీ, ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్‌నీ ఎక్స్‌ఎంఎల్ వెబ్ సర్వీసుతో కలిపారు. అంటే ఒక సాఫ్ట్‌వేర్ తన సమాచారాన్ని పేర్లు తగిలించిన అక్షరాలుగా ఇంకోదానికి పంపే ఏర్పాటు. పదేళ్లు దాటింది, ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. కాబట్టి మెచ్చుకోవడానికీ తిట్టుకోవడానికీ నాకు హక్కు ఉందనుకుంటున్నాను.

అంతకుముందు లారీ కాంటా ఎక్కేది, చీటీ ప్రింటయ్యేది, ఒక పిల్లవాడు ఆ చీటీల కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవాడు. నేను అన్నీ మళ్లీ కొట్టేవాణ్ణి. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడతాయి. రాత్రి పదకొండింటికి కళ్లు మూతలు పడుతుంటే 6ని 9గా కొట్టడం పెద్ద విషయమేం కాదు. రైతు వచ్చి చీటీ చూపించేదాకా తెలిసేది కాదు.

ఈ రెండు సాఫ్ట్‌వేర్లకూ చుట్టరికమే లేదు. కాంటాది పాత విజువల్ బేసిక్‌లో రాసింది, లెక్కలది డాట్‌నెట్‌లో. ఒకదాని డేటాబేస్ ఇంకొకదానికి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. మధ్యలో నడిచేది ఉత్త అక్షరాలే. ఒక లారీ దిగగానే ఇలాంటిది వెళ్తుంది:

<చీటీ>
<నంబరు>4127</నంబరు>
<గ్రాస్>27300</గ్రాస్>
<టేర్>8660</టేర్>
<నెట్>18640</నెట్>
<తేమ>17</తేమ>
</చీటీ>

గ్రాస్ అంటే సరుకుతో లారీ బరువు, టేర్ ఖాళీ లారీది, నెట్ ఉత్త సరుకుది. మా దాంట్లో ట్యాగులు, అంటే ముందూ వెనకా తగిలించిన ఆ పేర్లు, ఇంగ్లిషులో ఉంటాయి, మీకోసం తెలుగులో రాశాను. నిజానికి ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగు పేరు తెలుగులో పెట్టినా చెల్లుతుంది, ఎవరూ పెట్టరంతే. దీన్ని సోప్ అనే కవరులో పెట్టి, బ్రౌజర్ వాడే హెచ్‌టీటీపీ దారిలోనే పంపిస్తారు. అవతలి సర్వీసును ఏమేం అడగవచ్చో, ఏ గడిలో ఏం రాయాలో చెప్పే ఫైలు డబ్ల్యూఎస్‌డీఎల్. కాంటా సాఫ్ట్‌వేర్ రాసినాయన హైదరాబాద్‌లో ఉంటాడు, లెక్కల సాఫ్ట్‌వేర్ వాళ్లు వేరే ఊరు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఆ ఒక్క ఫైలు పట్టుకుని పని కానిచ్చారు. నాకు బాగా నచ్చింది ఇదే.

నచ్చిన ఇంకో సంగతి, వెళ్లిన ప్రతి సందేశాన్నీ ఫోల్డర్‌లో దాచుకుంటాం. మూడేళ్ల కిందటి లారీ మీద తగాదా వస్తే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపించేస్తాను. ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు, చదువుకున్న రైతు తనే చదువుకుంటాడు.

ఇక తిట్టుకున్న రోజులు. మొదటి సీజన్‌లోనే ఒక కమిషన్ ఏజెంటు చీటీలు ఒక్కటీ ఎక్కలేదు. మిగతా అందరివీ ఎక్కుతున్నాయి, ఆయనవి మాత్రం 'ఎంటిటీ పేరు చదవడంలో లోపం' అని తిరిగొస్తున్నాయి. రెండు రోజులు తల పట్టుకున్నాం. తీరా చూస్తే ఆయన ఫర్మ్ పేరులో & గుర్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది కాబట్టి పేరులో వస్తే దాన్ని ఇంకో రకంగా రాయాలి. ఇలాంటి పనికి తయారుగా దొరికే కోడ్ (లైబ్రరీ) వాడి ఉంటే అదే చూసుకునేది. మావాళ్లు అక్షరాలు చేత్తో అతికించి పంపుతున్నారు.

ఇంకోసారి లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాక మొత్తం ఆగిపోయింది. 415 అనే ఎర్రర్. వాళ్లు సోప్ 1.2కు మారారు, మా కాంటా ఇంకా 1.1లోనే మాట్లాడుతోంది. కవరు మీద రాసే రకం పేరు రెంటికీ వేరు, అందుకని లోపలున్నది చదవకుండానే తిప్పి పంపింది. ఆరోజు ఇంకో తమాషా. సందేశం పైన వెబ్ అడ్రస్‌లాంటిది కనిపించి, మావాడు నెట్ రావడం లేదనుకుని రౌటర్‌ను నాలుగుసార్లు ఆపి మళ్లీ వేశాడు. అది నేమ్‌స్పేస్, ఉత్త పేరు. దాన్ని చదవడానికి నెట్ అక్కర్లేదు. మా రెండు కంప్యూటర్ల మధ్య ఉన్నది గోడవారగా లాగిన కేబుల్.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం ఏ ఎర్రరూ రాకుండా తగిలింది. పైన రాసిన చీటీలో నెట్ 18640 కదా, కిలోలు. లెక్కల సాఫ్ట్‌వేర్ తన గడిని క్వింటాళ్లు అనుకుంది. 186.40 క్వింటాళ్లు రావాల్సిన చోట 18,640 క్వింటాళ్లు స్టాకులోకి ఎక్కాయి. సాయంత్రం సేటు రిపోర్టు చూసి, 'ఏందయ్యా, ఒక్క లారీల వంద లారీల వడ్లు దింపినవా?' అన్నాడు. నవ్వాడు కాబట్టి బతికిపోయాను. స్కీమా, అంటే ఏ గడిలో ఏం ఉండాలో సరిచూసే నియమాలు, చాలా గట్టిది, చీటీ నంబరు లేకపోతే తీసుకోదు, బరువు గడిలో అక్షరం పడితే తీసుకోదు. కానీ అంకె అంకెలా ఉందా అనే చూస్తుంది, దాని వెనక కిలోనా క్వింటాలా అని అడగదు. ఆ తర్వాత బరువు ట్యాగులోనే కొలమానం తప్పనిసరి చేయించాం, 'కిలో' అని లేకపోతే తిప్పి పంపుతుంది.

డబుల్ ఎంట్రీలదీ ఇదే బాధ. జవాబు ఆలస్యమైతే కాంటా మీద కూర్చున్న పిల్లవాడు బటన్ మళ్లీ నొక్కుతాడు. మొదటిది అప్పటికే ఎక్కి ఉంటుంది. 'అన్నా, చీటీ ఎక్కలే' అని ఫోన్ చేస్తాడు, చూస్తే రెండుసార్లు ఎక్కి ఉంటుంది. ఇప్పుడు ఒకే చీటీ నంబరు రెండోసారి వస్తే పాత జవాబే ఇచ్చేలా మార్చారు.

ఎక్స్‌ఎంఎల్ సందేశాలు మరీ బరువని అందరూ అంటారు, నిజమే. ఐదారు ముక్కల సమాచారానికి కవరూ అదీ కలిపి అరవై లైన్లు. ఈ-వే బిల్లుల్లో నడిచేది జేసన్ అనే ఇంకో రాత పద్ధతి, చూడ్డానికి ఎంత పొట్టిగా ఉంటుందో! మా మొబైల్ యాప్‌కు కూడా అదే పెట్టించాం. అయితే ఎక్స్‌ఎంఎల్ పాతబడి పోయిందనే మాట నేను ఒప్పుకోను. మేం బ్యాంకు నుంచి వేసే ఆర్టీజీఎస్‌లో 2013 నుంచి వాడుతున్న ఐఎస్‌ఓ 20022 (బ్యాంకుల సందేశాలకు అంతర్జాతీయ ప్రమాణం) సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటాయి, యూపీఐ వెనక బ్యాంకులు మాట్లాడుకునేదీ అందులోనే.

ఐదుకు మూడున్నర ఇస్తాను. రోజుకు వందా రెండొందల లారీలకు ఆ బరువు లెక్కలోకే రాదు. కొత్తగా పెట్టించుకునేవాళ్లు మాత్రం డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలును, ఒక మంచి సందేశం నమూనాతో సహా, డబ్బులు ఇచ్చే రోజే చేతికి తీసుకోండి. మాకు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు అది వాళ్ల సర్వర్‌లోనే ఉంచారు. ఆ సర్వర్ ఒక యాసంగిలో మూతపడితే మొబైల్ యాప్‌ను సర్వీసుకు కలిపే పని నెల రోజులు ఆగింది. ఇప్పుడు మా కాపీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కాంటా స్టాంపింగ్ సర్టిఫికెట్ ఉన్న కవర్లోనే పెట్టి బీరువాలో దాచాను.