పీఎం స్వనిధి అప్పు: తోపుడు బండికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

పది వేలు అప్పు అడిగితే చేతికొచ్చేది తొమ్మిది వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. హైదరాబాద్ బస్తీల్లో దీన్ని గిరిగిరి అంటారు, మిగతా ఊళ్లలో డైలీ ఫైనాన్స్ అంటారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తరుగుతుంటుంది కాబట్టి వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. ఆ లెక్కన ఏడాదికి వడ్డీ 80 శాతం దాటుతుంది. కూరగాయల బండి, పూల గంప, మిర్చి బజ్జీల పొయ్యి చాలావరకు ఈ డబ్బు మీదే నడుస్తున్నాయి. వీధి వ్యాపారులకు అప్పులిప్పించడానికి 2020 జూన్ 1న కేంద్రం మొదలుపెట్టిన పీఎం స్వనిధి పథకం బాగుందా లేదా అన్నది ఈ గిరిగిరి పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఐదుకు మూడున్నర ఇస్తాం. వడ్డీ విషయంలో పూర్తి మార్కులు పడతాయి. తగ్గేది బ్యాంకు బ్రాంచీల దగ్గర, మొదటి అప్పు మరీ చిన్నది కావడం దగ్గర.

ఇంతకుముందు మూడు విడతలు రూ.10,000, రూ.20,000, రూ.50,000గా ఉండేవి. 2025 ఆగస్టులో పథకాన్ని మార్చి 2030 మార్చి 31 వరకు పొడిగించారు. ఇప్పుడు మొదటి అప్పు రూ.15,000 వరకు, రెండోది రూ.25,000 వరకు, మూడోది రూ.50,000 వరకు. గడువు వరసగా 12, 18, 36 నెలలు. పూచీ, తాకట్టు అక్కర్లేదు. ముందే కట్టేసినా జరిమానా ఉండదు. వాయిదాలు తప్పకపోతే ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది.

అప్పు ఎక్కడ తీసుకుంటామన్నదాన్ని బట్టి లెక్క చాలా మారుతుంది. బ్యాంకు 12 శాతానికి ఇస్తే రూ.15,000కి నెల వాయిదా సుమారు రూ.1,333. ఏడాదికి వడ్డీ రూ.993 అవుతుంది, రాయితీగా దాదాపు రూ.579 తిరిగొస్తుంది, అంటే చివరికి మన మీద పడేది నాలుగు వందల చిల్లర. అదే అప్పు మైక్రోఫైనాన్స్ సంస్థ 24 శాతానికి ఇస్తే వాయిదా రూ.1,418, వడ్డీ రెండు వేలు దాటుతుంది, రాయితీ పోగా రూ.1,400 పైనే మిగులుతుంది. దరఖాస్తులో ఏ బ్యాంకు కావాలో మనమే ఎంచుకోవచ్చు. ఆ గడిని దరఖాస్తు నింపేవాళ్లకు వదిలేయొద్దు. మన పొదుపు ఖాతా ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచీ పేరే పెట్టించండి. గిరిగిరిలో అదే పదిహేను వేలకు వంద రోజుల్లోనే పదిహేను వందలు పోతాయి, ఏడాదిలో మూడు సార్లు తిప్పితే నాలుగున్నర వేలు.

రెండో, మూడో అప్పుల వాయిదాలు కూడా ఒకసారి చూడాలి. 12 శాతం మీదే రూ.25,000కి వాయిదా సుమారు రూ.1,525, రూ.50,000కి రూ.1,661. అప్పు మూడింతలు పైన పెరిగినా రోజుకు పక్కన పెట్టాల్సింది 44 రూపాయల నుంచి 55 రూపాయలకే పెరుగుతుంది. మొదటి అప్పు తీరాక "ఇంక చాలు, మళ్లీ ఆ బ్యాంకు చుట్టూ ఎవరు తిరుగుతారు" అని ఆగిపోయేవాళ్లకు ఎవరైనా చూపించాల్సిన లెక్క ఇది. అసలు మేలంతా పై మెట్లలోనే ఉంది.

ఎంతమంది ఆగిపోతున్నారో ప్రభుత్వ అంకెలే చెబుతున్నాయి. 2025 జులై 30 నాటికి 68 లక్షల మందికి పైగా వీధి వ్యాపారులకు 96 లక్షలకు పైగా అప్పులు, రూ.13,797 కోట్లు ఇచ్చారు. 68 లక్షల మందికీ మొదటి అప్పు వచ్చిందనుకుంటే రెండు, మూడు విడతలు కలిపి మిగిలేవి 28 లక్షల అప్పులే. సగం మందికి పైగా మొదటి మెట్టు మీదే ఉండిపోయారన్నమాట. ఈ పథకంలో మమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

మొదటి అప్పు సరుకుకే సరిపోతుంది. పదిహేను వేలు పెట్టి కొత్త బండి కొంటే మండీకి వెళ్లడానికి చేతిలో ఏమీ మిగలదు, మూడో నెలకే వాయిదా కోసం మళ్లీ గిరిగిరి దగ్గరికి పోవాల్సి వస్తుంది. బండి అద్దెదే ఉండనిచ్చి డబ్బంతా సరుకులో తిప్పడం మేలు. చేతిలో సొమ్ముంటే బోయిన్‌పల్లి మండీలో నిండు పెట్టె కొనొచ్చు, లేకపోతే పక్క వ్యాపారి దగ్గర ఐదు కిలోలు, పది కిలోలు విడిగా ఎక్కువ ధరకు తెచ్చుకోవాలి. అయితే నిండు పెట్టెలో తరుగు మనదే. ఉదాహరణకు 25 కిలోల టమాటా పెట్టె రూ.500కి దొరికిందనుకోండి, కిలో ఇరవై పడ్డట్టు కనిపిస్తుంది. అడుగున రెండున్నర కిలోలు మెత్తబడితే అమ్మకానికి ఇరవై రెండున్నర కిలోలే ఉంటాయి, అసలు ధర కిలోకి రూ.22.22 అవుతుంది. ఈ రెండు రూపాయలు లెక్కలో వేసుకోని బండి అమ్మకం బాగున్నా వాయిదా దగ్గర తడబడుతుంది.

మూడో మెట్టు కథ వేరు. యాభై వేలతో టిఫిన్ బండికి రెండో పొయ్యి, సొంత గ్రైండర్, గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ కుదురుతాయి. పొద్దున ఆరింటికి ఒక్క మనిషి దోసెలు వేస్తూ, చట్నీ పోస్తూ, చిల్లర ఇస్తూ ఉంటే గిరాకీ నిలబడి నిలబడి వెళ్లిపోతుంది. అక్కడ ఒక సహాయకుణ్ణి పెట్టుకునే స్తోమత వచ్చినప్పుడు అదే బస్తీలో ఇంకొకరికి పని దొరుకుతుంది. మొదటి అప్పు ఉన్న పని పోకుండా కాపాడుతుంది, కొత్త పని మూడో అప్పుతోనే పుడుతుంది. అందుకే జనం మొదటి మెట్టు మీద ఆగిపోవడం బస్తీ మొత్తానికి నష్టం.

దరఖాస్తుకు ముందు ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ అయి ఉందో లేదో చూసుకోవాలి. నంబర్ మారిపోయి ఓటీపీ రాక ఆగిపోయే దరఖాస్తులు చాలా. తరవాత మున్సిపాలిటీ చేసిన వీధి వ్యాపారుల సర్వేలో పేరుందా అన్నది. గుర్తింపు కార్డు గానీ వెండింగ్ సర్టిఫికెట్ (వీధిలో అమ్ముకోవడానికిచ్చే అనుమతి పత్రం) గానీ ఉంటే సూటిగా వెళ్లొచ్చు. సర్వేలో పేరుండి కార్డు రాకపోయినా అర్హత ఉంటుంది. సర్వేలో తప్పిపోయినవాళ్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఊళ్లో అమ్ముకునేవాళ్లు మున్సిపాలిటీ నుంచి గానీ టౌన్ వెండింగ్ కమిటీ నుంచి గానీ సిఫారసు లేఖ తెచ్చుకోవాలి. దానికి వీధి వ్యాపారుల సంఘం సభ్యత్వం లాంటి ఏదో ఒక రుజువు చూపించాలి, లేదా వాళ్లే వచ్చి విచారిస్తారు. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ సర్కిల్ ఆఫీసులో యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగాన్ని అడగాలి. మిగతా పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కమ్యూనిటీ ఆర్గనైజరు, వార్డుల్లో పనిచేసే రిసోర్స్ పర్సన్లే (ఆర్పీలు) దిక్కు. మంచి ఆర్పీ ఉన్న వార్డులో ఫైలు కదులుతుంది. బ్యాంకుకు తోడొచ్చి కూర్చునేది కూడా ఆవిడే.

చిక్కంతా బ్యాంకులో వస్తుంది. పోర్టల్‌లో మంజూరు అని కనిపించినా డబ్బు పడదు, సంతకాలకు రమ్మని ఫోన్ చేశామంటారు, ఆ ఫోన్ వచ్చింది కొడుకు నంబర్‌కు. కొన్నిచోట్ల మంజూరైన సొమ్ములో కొంత డిపాజిట్ చేయమంటారు. ఈ అప్పుకు పూచీయే అక్కర్లేదు కాబట్టి ఆ మాటకు ఒప్పుకోవాల్సిన పని లేదు. రాసివ్వమని అడిగి, ఆ కాగితం మెప్మా ఆఫీసులో ఇవ్వండి. పాత బాకీ ఏదైనా ఎగవేతలో ఉంటే ముందు అది తేల్చుకుని వెళ్లడం మేలు.

వాయిదా తేదీ ఇంకో చిక్కు. మన రాబడి రోజువారీది, బ్యాంకు వాయిదా నెలవారీది. గిరిగిరివాళ్లు సాయంత్రానికల్లా బండి దగ్గరికే వచ్చి వంద పట్టుకుపోతారు. అందుకే ఆ అప్పు ఎంత ఖరీదైనా ఠంచనుగా తీరుతుంది. బ్యాంకు అలా రాదు కాబట్టి ఆ క్రమం మనమే పెట్టుకోవాలి. రోజూ యాభై రూపాయలు వాయిదా కోసే ఖాతాలోకే పంపేస్తే నెలాఖరుకు పదిహేను వందలు ఉంటాయి. ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే బ్యాంకు ఛార్జీ వేస్తుంది. బకాయి 90 రోజులు దాటితే మొండి బాకీ కింద రాస్తారు, వడ్డీ రాయితీ పోతుంది, రెండో అప్పు దారి మూసుకుపోతుంది. ఆషాఢంలో పూల బండికి, వానాకాలంలో చెరకు రసం బండికి గిరాకీ పడిపోతుందని ముందే తెలుసు కదా. ఒక వాయిదా సొమ్ము ఎండాకాలంలోనే ఎగస్ట్రాగా ఖాతాలో వేసి ఉంచడం మంచిది.

యూపీఐ క్యాష్‌బ్యాక్ గురించి ఎక్కువగా ఊరిస్తారు. మొదటి నిబంధనల ప్రకారం నెలకు రూ.100 మించదు, ఏడాదికి రూ.1,200. మార్చిన పథకంలో హోల్‌సేల్ కొనుగోళ్లు కూడా కలిపి రూ.1,600 వరకు అన్నారు. సౌండ్ బాక్స్ అద్దె కట్టుకుంటే చాలావరకు దాంట్లోనే పోతుంది, కాబట్టి అద్దె ఎంతో ముందే అడగాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బండి మీద అతికించిన క్యూఆర్ కోడ్ చాలాచోట్ల కొడుకు ఖాతాదో అల్లుడి ఖాతాదో అయి ఉంటుంది. అప్పు అమ్మ పేరున, డబ్బు పడేది అబ్బాయి ఖాతాలో. అప్పుడు క్యాష్‌బ్యాక్ లెక్కకు రాదు, వాయిదా ఖాతాలో డబ్బు ఉండదు, ఈ వ్యాపారం ఆమెదే అని చూపించే లావాదేవీలూ ఉండవు. అప్పు పడిన రోజే అదే ఖాతాకు కొత్త క్యూఆర్ తీసుకుని పాత స్టిక్కర్ పీకేయాలి.

రెండో అప్పు తీర్చినవాళ్లకు ఇప్పుడు యూపీఐతో వాడుకునే రూపే క్రెడిట్ కార్డు ఇస్తామంటున్నారు. 2025 బడ్జెట్‌లో దాని పరిమితి రూ.30,000 అని ప్రకటించారు. మండీలో సరుకు కొని గడువులోగా మొత్తం కట్టేసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కనీస మొత్తం కట్టి మిగతాది వాయిదా వేస్తూ పోతే మాత్రం క్రెడిట్ కార్డు వడ్డీ గిరిగిరిని గుర్తుచేస్తుంది. ఇంటి ఖర్చుకు ఈ కార్డు తీయొద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబర్‌లో మొదలైన జగనన్న తోడు కూడా చిరువ్యాపారులకు రూ.10,000 ఇచ్చింది, సమయానికి కట్టినవాళ్లకు వడ్డీ ప్రభుత్వమే తిరిగి ఇచ్చేది. వడ్డీ లెక్కలో అది ఇంకా చవక. కానీ పై మెట్లకు తీసుకెళ్లే దారి స్వనిధిలోనే స్పష్టంగా ఉంది.

ఇన్ని చెప్పినా, ఈ పథకం కోసం తిరిగినందుకు దక్కే అతి విలువైనది డబ్బు కాదనే మా అభిప్రాయం. సర్వేలో పేరు, చేతిలో గుర్తింపు కార్డు, ఆ తరవాత వెండింగ్ సర్టిఫికెట్. రోడ్డు వెడల్పు పేరుతో జాగా పోతే యాభై వేల అప్పు ఉన్న బండి కూడా ఒక్క రోజులో వీధిన పడుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తరవాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు కూర్చుందో అప్పు కోసం వెళ్లినప్పుడే అడగండి. సర్టిఫికెట్ వచ్చాక దాన్ని అద్దెకివ్వకూడదు, బండి మీద మీరో మీ ఇంట్లోవాళ్లో ఉండాలి.

కార్డు జిరాక్సు లామినేట్ చేయించి బండికే కట్టేయండి, అసలుది ఇంట్లో ఉంచండి. మున్సిపాలిటీవాళ్లు సరుకు ఎత్తుకెళ్తే అక్కడికక్కడే జాబితా రాసిమ్మని అడగాలి, అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఆ జాబితాతో వెళ్లి అడిగితే కూరగాయలు, పూలు లాంటి పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పని దినాల్లో తిరిగివ్వాలి.