లిబ్రేఆఫీస్ టెంప్లేట్‌లో పుస్తకం, ఒమేగాటీలో అనువాదం: ఆర్నెల్లు వాడాక

మిద్దెతోట మీద నేను రాసిన 140 పేజీల పుస్తకం కన్నడంలోకి వెళ్ళింది, ఇంగ్లీషు సగం అయింది. ఈ రెండూ కుదిరాయంటే కారణం పుస్తకం మొత్తాన్ని లిబ్రేఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటిదే, రాసుకునే సాఫ్ట్‌వేర్) ఒక టెంప్లేట్, అంటే అక్షరాల సైజులూ శీర్షికల తీరూ ముందే కుదిర్చిన నమూనా ఫైలు పెట్టుకుని మళ్ళీ కూర్చడమే. అనువాదం జరిగింది ఒమేగాటీలో, అనువాదకులకి సాయపడే సాఫ్ట్‌వేర్ అది. రెండూ ఫ్రీ, రూపాయి కట్టలేదు.

ముందు జరిగింది చెప్తా. మొదటి ప్రింటు ఒక డీటీపీ సెంటర్లో చేయించా, పాత నాన్-యూనికోడ్ ఫాంట్‌లో. కాగితం మీద చక్కగా ఉంది. కన్నడం చేస్తానన్న బెంగళూరు మేడమ్‌కి ఆ ఫైలు పంపితే వెంటనే ఫోన్ చేసారు, "ఇందులో ఒక్క తెలుగక్షరం లేదండీ, అన్నీ ఇంగ్లీషు గుర్తులే" అని. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు బొమ్మలు ఎక్కించి ఉంటాయి కదా, ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే మిగిలేది అదే. యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్పిస్తే చాలాచోట్ల ఒత్తులు పోయాయి, మా అమ్మాయీ నేనూ పదిహేను రోజులు కూర్చుని దిద్దాం.

సరే అక్షరాలు వచ్చాయి కదా అని ఆవిడ ఫైలుని ఒమేగాటీలో పెట్టారు, అసలు కష్టం అక్కడ మొదలైంది. అది పేరాని వాక్యాలుగా విడగొట్టి ఒక్కో ముక్క చేతికిస్తుంది, పేరా ఎక్కడ అయిపోతే అక్కడ ముక్క తెగిపోతుంది. డీటీపీలో లైన్లు సరిపెట్టడానికి వాక్యం మధ్యలో ఎంటర్ కొట్టేసారు, దాంతో "బెండ గింజల్ని రాత్రంతా నానబెట్టి పొద్దున్నే కుండీలో అర" అని ఒక ముక్క, "అంగుళం లోతున నాటాలి" అని ఇంకో ముక్క వచ్చాయి. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, ఇంగ్లీషులో చెప్పాలంటే నాటమనేది ముందే రావాలి, అది చూస్తే అవతలి ముక్కలో ఉంది. అనువాదకులు ఏం చేస్తారు పాపం. పుస్తకం మొత్తం ఇలాంటివే.

అప్పుడు కూర్చున్నా టెంప్లేట్ మీద. ఎఫ్ 11 కొడితే పక్కన స్టైల్స్ వస్తాయి, ఏ రకం పేరా ఎలా కనిపించాలో పేరు పెట్టి దాచుకునేవి. అధ్యాయం పేరుకి హెడింగ్ 1, ఉపశీర్షికకి హెడింగ్ 2, మామూలు రాతకి బాడీ టెక్స్ట్, ఫొటో కింద మాటకి క్యాప్షన్, జీవామృతం లాంటి కొలతలకి నేనే పెట్టుకున్న ఒక స్టైల్, అంతే, ఐదు. దాన్ని టెంప్లేట్‌గా సేవ్ చేసి పాత రాతంతా అందులోకి తెచ్చా, తెచ్చిన ప్రతి పేరా సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎం కొట్టా, చేత్తో పెట్టిన సైజులూ రంగులూ అన్నీ పోతాయి. ఇది చేయకపోతే ఆ మిగిలిపోయిన ఫార్మాటింగంతా ఒమేగాటీలో మాటల మధ్య ట్యాగులై, అంటే ఫార్మాటింగ్ గుర్తులై కనిపిస్తుంది, అనువాదం చేసేవాళ్ళు వాటిని ఒక్కటీ పోకుండా సరైన చోట పెట్టాలి, ఆ శ్రమ వాళ్ళకెందుకు.

తెలుగువాళ్ళు తప్పక చూడాల్సింది ఇంకోటుంది. లిబ్రేఆఫీస్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంటు, మన లిపులకి ఇంకో ఫాంటు విడివిడిగా ఉంటాయి, సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేస్తేనే రెండోది కనిపిస్తుంది. నాకు తెలీక రెండు రోజులు ఇంగ్లీషు ఫాంటు సైజే మారుస్తూ కూర్చున్నా, తెలుగు కదల్లేదు. తెలిసాక మాత్రం ఎంత హాయో, కన్నడ ఫైలు తిరిగి రాగానే బాడీ టెక్స్ట్ స్టైల్‌లో ఒక్కచోట ఫాంటు మారిస్తే పుస్తకమంతా మారింది, హెడింగులకీ అంతే. విషయసూచిక హెడింగుల నుంచే తయారవుతుంది కాబట్టి అప్‌డేట్ కొడితే కన్నడ పేర్లతో, కన్నడ పుస్తకంలో ఏది ఏ పేజీలో పడిందో ఆ నంబర్లతో వచ్చేసింది. "45వ పేజీ చూడండి" అని చేత్తో టైప్ చేసిన చోట్ల మాత్రం తప్పులు పడ్డాయి, ఇప్పుడు అవన్నీ క్రాస్ రిఫరెన్సులుగా మార్చా, పేజీ మారితే నంబరు కూడా అప్‌డేట్ అయ్యేవి.

ఒమేగాటీలో నాకు బాగా నచ్చింది, ఒకే వాక్యం పుస్తకంలో ఎన్నిసార్లు వచ్చినా ఒకసారి అనువదిస్తే మిగతా చోట్లా అదే వచ్చేస్తుంది. "రెండు రోజులకోసారి నీళ్ళు పోయాలి" అని నేను దాదాపు ప్రతి మొక్కకీ రాసా, కొన్నిచోట్ల ఊరికే "పొయ్యాలి" అని రాసా, ఆ ఒక్క అక్షరం తేడాకి దాన్ని వేరే వాక్యం కింద లెక్కేసి మళ్ళీ అడిగింది. అందుకే ఇప్పుడు రాసేటప్పుడే ఒకే మాట ఒకేలా రాస్తున్నా.

ఇబ్బంది కూడా చెప్పాలి. చుక్క తర్వాత ఖాళీ వస్తే వాక్యం అయిపోయిందనుకుంటుంది, "డా. గారు" అంటే "డా." దగ్గరే తెగుతుంది, "రూ. 200" అన్నా అంతే. వాక్యం ఎక్కడ తెగాలో చెప్పే సెగ్మెంటేషన్ రూల్స్‌లో మన పొట్టి మాటలు ఒక్కొక్కటీ మనమే చేర్చుకోవాలి, మేడమ్ ఓ అరగంట కూర్చుని చేర్చారు. అలాగే బొమ్మల లోపల రాసిన తెలుగుని ఇది ముట్టుకోదు. నా పుస్తకంలో చీడల బొమ్మలు 22 ఉన్నాయి, అన్నిట్లో పేర్లు బొమ్మ మీదే రాసి ఉన్నాయి, వాటిని చెరిపి ఒకటి రెండు మూడు అని అంకెలేసి పేర్లు క్యాప్షన్‌లోకి దించుతున్నా.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. మీ పుస్తకం ఎప్పటికైనా ఇంకో భాషలోకి వెళ్ళాలనుంటే మొదటి పేజీ రాయకముందే టెంప్లేట్ పెట్టుకోండి, నాలాగా అచ్చయ్యాక వెనక్కి వచ్చి దిద్దితే నెలలు పడుతుంది. నా రెండో పుస్తకం, ఆకుకూరల మీద, ఇదే టెంప్లేట్‌లో మొదలుపెట్టా, మూడు అధ్యాయాలవగానే మేడమ్‌కి పంపితే అదే వారంలో మొదటి అధ్యాయం కన్నడంలో తిరిగొచ్చింది.