మిథైల్ఫెనిడేట్: కొన్నేళ్లు వాడాక మనసు సంగతి

నలభై దగ్గరపడుతుండగా నాకు ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య, ఉందని తేలింది. అప్పటి నుంచీ డాక్టరు పర్యవేక్షణలోనే దానికిచ్చే మిథైల్ఫెనిడేట్ మాత్ర వాడుతున్నాను. ఈ మాత్ర ఏకాగ్రతకు ఎంత సాయం చేస్తుందో చాలామంది చెబుతారు. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, గుండె దడ గురించి డాక్టర్లే ముందుగా హెచ్చరిస్తారు. మనసు ఎలా మారుతుందో మాత్రం విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. నెలనెలా 20వ తేదీ లోపు క్లయింట్ల జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి. మాత్ర మొదలయ్యాక ఆ వారమంతా రాత్రిళ్లు మేలుకోవడం తప్పింది. అంతకంటే విలువైనది ఇంకోటి ఉంది. కోపం రావడానికీ మాట జారడానికీ మధ్య కాస్త వ్యవధి దొరికింది. ఏడీహెచ్‌డీ అంటే మతిమరుపు, పరధ్యానం అనే అనుకుంటారు. చిన్నమాటకే భగ్గుమనడం, ఎవరైనా తప్పు పడితే రోజంతా కుమిలిపోవడం కూడా చాలామందికి ఉంటాయి. క్లయింటు ఫోన్‌లో గొంతు పెంచితే నేనూ పెంచేదాన్ని. ఇప్పుడు చివరిదాకా వినగలుగుతున్నాను. ఆ ఒక్కదానికే ఈ మందుకు దండం పెడతాను.

డోసు పెంచాక ఇబ్బంది మొదలైంది. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలో 18 మిల్లీగ్రాముల నుంచి 36కి వెళ్లాం. పని ఇంకా చకచకా సాగింది. నేను మాత్రం ముభావంగా తయారయ్యాను. ఒకరోజు మధ్యాహ్నం మా తమ్ముడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, ఆడపిల్ల!" అంటుంటే వాడి గొంతు వణుకుతోంది. "మంచిదిరా. బరువెంత? మరదలెలా ఉంది?" అని అడిగాను. చెప్పింది విని, ఫోన్ పెట్టేసి, ఎక్సెల్‌లో ఆపిన వరుస దగ్గరికి వెళ్లిపోయాను. సంతోషించాల్సిన కబురని తెలుసు, లోపల ఏమీ కదల్లేదు. అదేరోజు రాత్రి, మందు దిగిపోయాక, పాప ఫొటో చూస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంటే ప్రేమ ఎక్కడికీ పోలేదు. మందు బాగా పనిచేసే గంటల్లో నాకు అందడం లేదు, అంతే.

మెదడును చురుకుచేసే ఈ రకం మందులతో ఇది మొదటి నుంచీ ఉన్నదే. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు 30 మంది పిల్లలకు ఇదే కోవకు చెందిన బెంజెడ్రిన్ అనే యాంఫెటమిన్ మందు ఇచ్చి చూసి, 1937లో వ్యాసం రాశారు. 14 మంది చదువులో ఆశ్చర్యపోయేంత మెరుగుపడ్డారు. 15 మందిలో ఉద్వేగాలు బాగా నెమ్మదించాయి. కొందరు మాత్రం తేలిగ్గా ఏడ్చేవారు. నిలకడ లేని పిల్లల్లో ఆ నెమ్మది మేలే కావచ్చు. ఇల్లూ పిల్లలూ బంధువులూ ఉన్న మనిషికి అదే మోతాదు మించితే నష్టం.

సాయంత్రం బాధ వేరు. ఉదయం వేసుకున్న మాత్ర అయిదున్నర, ఆరు మధ్య దిగుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న చిరాకు ఒక్కసారిగా పైకి వస్తుంది. కుక్కర్ విజిల్ కూడా భరించలేను. కారణం లేకుండా ఏడుపు ముంచుకొస్తుంది. ఓసారి మా అమ్మాయి స్కూల్ డైరీ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, "ఏడు దాటాక పెడుదువులే అమ్మా సంతకం" అని వెనక్కి వెళ్లింది. నా మందు టైమింగ్ నాకంటే ముందు ఆ పిల్ల పసిగట్టింది. ఆ రాత్రే నోటుపుస్తకం తీశాను. మాత్ర ఎప్పుడు వేసుకున్నాను, ఏం తిన్నాను, ఏ గంటకు మనసు ఎలా ఉంది, ఇంతే రాసుకున్నాను.

డాక్టరుగారు ఆ పుస్తకం చూసి రెండింటినీ విడదీశారు. మధ్యాహ్నం మనసు మొద్దుబారడం డోసు ఎక్కువైనందువల్ల. సాయంత్రం చిరాకు మందు ఒక్కసారిగా దిగిపోతున్నందువల్ల. మళ్లీ 18కి దించి, మధ్యాహ్నం మూడింటికి ఇదే మందులో వెంటనే విడుదలయ్యే 5 మిల్లీగ్రాముల సాదా మాత్ర కలిపారు. సాదా మాత్ర మూడు నాలుగు గంటల పాటు పనిచేస్తుంది కాబట్టి దిగడం మెల్లగా జరుగుతోంది. మీరు సొంతంగా ఇలా మార్చుకోకండి. బీపీ, నాడి చూసి నిర్ణయించాల్సింది డాక్టరే.

చిరాకులో సగం ఆకలిదని కూడా ఆ పుస్తకమే చెప్పింది. మందు ఆకలిని చంపేస్తుంది, లంచ్ బాక్సు తెరవకుండానే ఇంటికొచ్చేది. ఇప్పుడు మాత్రకు ముందే ఇడ్లీ, గుడ్డు తింటాను. నాలుగింటికి ఆకలి లేకపోయినా పెరుగన్నం తింటాను. కాఫీ పొద్దున ఒక్కటే. రెండోది తాగితే దడ, దాని వెనకే టెన్షన్.

ఇంకో టెన్షన్ మందు దొరకడం. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. చీటీ రెండు ప్రతులుండాలి, అందులో ఒకదాన్ని షాపువాళ్లు రెండేళ్లపాటు దాచాలి. అన్ని షాపులూ అమ్మవు. నెలాఖరున మాత్రలు అయిపోతే ఒళ్లు బరువెక్కి, నిద్రమత్తు, దిగులు. అందుకే వారం ముందే వెతుకుతాను.

ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (మనసు మరీ ఉత్సాహానికీ మరీ దిగులుకీ ఊగే జబ్బు) గానీ భ్రమలు కలిగే జబ్బు గానీ ఉంటే మొదటి రోజే డాక్టరుకు చెప్పండి. ఈ మందుతో అవి బయటపడే ప్రమాదం ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

36 మీద ఉన్నంత వేగం ఇప్పుడు లేదు. రిటర్నుల వారంలో ఓ గంట ఎక్కువ కూర్చుంటున్నాను. అయినా పైకి వెళ్లే ఉద్దేశం లేదు. మూడింటి మాత్ర నా నిద్రను వెనక్కి నెడుతోందని అనుమానంగా ఉంది. దాన్ని రెండింటికి జరపొచ్చేమో ఈసారి అడుగుతాను.