బ్రాన్సన్ ఆల్కాట్‌ని తెలుసుకోవాలంటే ఎవరి కాగితాలు మేలు: ఆయనవా, భార్యవా, కూతురివా?

బ్రాన్సన్ ఆల్కాట్ (1799–1888) అంటే మనలో చాలామందికి ‘లిటిల్ విమెన్’ నవల రాసిన లూయిసా తండ్రి, అంతే. కానీ 1834లో బోస్టన్‌లో టెంపుల్ స్కూల్ పెట్టి, బెత్తంతో బట్టీ పట్టించే కాలంలో పిల్లల్ని ప్రశ్నలడిగి వాళ్లచేతే మాట్లాడించిన పంతులాయన. తప్పు చేసిన పిల్లాణ్ణి కొట్టకుండా, వాడిచేత తన చేతిమీదే కొట్టించుకున్నాడు. ఇంట్లో ఆయనా, భార్య అబిగైల్, కూతురు లూయిసా ముగ్గురూ డైరీలు రాశారు. ఎవరిది ముందు పట్టుకోవాలి అంటే, పంతులు కావాలంటే ఆయనవి, మనిషి కావాలంటే ఆ ఆడవాళ్లవి అంటాను.

ఆయనవి చాలా ఎక్కువ, చేతిరాతలో యాభైకి పైగా సంపుటాలు, హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి. ఓడెల్ షెపర్డ్ వాటిలోంచి ఏరిన భాగాలు 1938లో అచ్చయ్యాయి. గీత చదువుతూ 1846లో ఆయన పడ్డ ఆనందం కూడా అందులోనే కనిపిస్తుంది. నాకు మాత్రం అన్నింటికన్నా విలువైనవి 1831లో పెద్దకూతురు ఆనా పుట్టినప్పటినుంచి పిల్లల గురించి విడిగా రాసుకున్న నోట్సు. ఒకసారి ఒక ఆపిల్ పండు పిల్లలకి అందేచోట పెట్టి, మనది కానిది అడక్కుండా తీసుకోవచ్చా అని ముందే మాట్లాడి వెళ్లిపోయాడు. ఆనాకి నిండా నాలుగేళ్లు లేవు, లూయిసాకి అంతకన్నా తక్కువ. పండు మిగల్లేదు. లూయిసా చెప్పిన కారణం, ఉండబట్టలేకపోయాననే. ఆయన కోప్పడలేదు, ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. పిల్లల మనసు గురించి పనిచేసే టీచర్లు ఆ పేజీల కోసమైనా ఆల్కాట్‌ని వెతుక్కోవాలి.

అయితే ఆయన కాగితాల్లో ఆలోచనలు దొరికినంతగా రోజువారీ ఇల్లు దొరకదు. అప్పు ఎంత, పొయ్యి వెలిగిందా, ఎవరు నీళ్లు మోశారు, ఇవి ఆయన కలానికి అంతగా తగల్లేదు. పైగా జీవితంలో అతి పెద్ద దెబ్బ తిన్న ఫ్రూట్‌లాండ్స్ కాలం డైరీలు 1844లో ప్రయాణంలో పోయాయి. 1843 జూన్‌లో చార్లెస్ లేన్ అనే ఇంగ్లీషాయనతో కలిసి మసాచుసెట్స్‌లో తొంభై ఎకరాల పొలంలో పెట్టిన ఆశ్రమం లాంటి కాపురం అది. మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేవు. బానిసలతో పండించిన పత్తి కాబట్టి నూలుబట్ట కూడా వద్దన్నారు. ఏడు నెలల్లో మూతపడింది, అన్నం మానేసి మంచం పట్టిన ఆయన చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఇంత పెద్ద సంగతికి ఆయన మాట మనకి లేకుండా పోయింది.

ఆ ఖాళీ పూరించేది అబిగైలే. ఆ వేసవిలో పక్కనే ఉన్న షేకర్ల (ఆడామగా పెళ్లి లేకుండా ఉమ్మడిగా బతికే ఒక క్రైస్తవ శాఖ) సమాజాన్ని చూసొచ్చి, అక్కడ మగవాళ్లు నిగనిగలాడుతూ సుఖంగా ఉన్నారు, ఆడవాళ్లలో మాత్రం బిగుసుకుపోయిన మొహమాటం తప్ప ఆశ లేదు అన్న అర్థంలో డైరీలో రాసుకుంది. తన ఇంటి గురించి కూడా ఆ మాట వర్తిస్తుందని ఆవిడకి తెలుసనే నేననుకుంటాను. ఆవిడ 1877లో పోయాక బ్రాన్సన్ ఆ డైరీలు చదివి, ఆ పాత కష్టాలు గుర్తొచ్చి కుమిలిపోయాడు. తర్వాత లూయిసా, అమ్మ కోరిక ప్రకారమే, వాటిలో చాలా మటుకు నాశనం చేసింది. చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయే సంగతి ఇదే. మిగిలిన రాతలు 2012లో పుస్తకంగా వచ్చాయి, సంపాదించి చదవండి.

లూయిసావి చదవడానికి ముగ్గురిలోకీ తేలిక. పదేళ్ల పిల్లగా ఫ్రూట్‌లాండ్స్‌లో పొద్దున్నే చన్నీళ్ల స్నానం ఇష్టమని రాసింది. డిసెంబర్ వచ్చేసరికి అమ్మానాన్నలతో చాలాసేపు మాట్లాడామని, అందరూ ఏడ్చామని, మమ్మల్ని కలిపే ఉంచమని దేవుణ్ణి వేడుకున్నానని రాసింది. ఆపిల్ పెట్టి తండ్రి పరిశీలించిన పిల్లే ఇప్పుడు తండ్రి ఇంటిని పరిశీలిస్తోంది. 1854లో ఆయన ఉపన్యాసాల టూర్ నుంచి అర్ధరాత్రి ఇల్లు చేరితే, డబ్బులిచ్చారా అని చిన్నకూతురు అడిగింది, ఆయన పర్సు తెరిచి ఒక్క డాలర్ చూపించాడు. క్షేమంగా వచ్చావు, అదే చాలు అంది అబిగైల్. ముగ్గురి కాగితాల్లో నేను ఒక్క పేజీ దాచుకోవాలంటే ఆ పేజీనే దాచుకుంటాను.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. లూయిసా పెద్దయ్యాక పాత డైరీ తిరగేసి పక్కన వ్యాఖ్యలు చేర్చింది, 1889లో ఎడ్నా చేనీ లూయిసా డైరీలు, ఉత్తరాలు కలిపి వేసిన పుస్తకంలో అవీ ఉంటాయి. పదేళ్ల పిల్ల మాటేదో, పేరొచ్చిన రచయిత్రి మాటేదో విడదీసుకుంటూ చదవాలి. నేనైతే లూయిసాతో మొదలుపెట్టి, అబిగైల్ దగ్గర ఎక్కువ కాలం ఆగి, చివర్లో బ్రాన్సన్ దగ్గరికి వెళ్లమంటాను, అప్పుడా ఆపిల్ పండు నోట్సు ఇంకోలా అనిపిస్తుంది.