ప్యాచ్‌క్లీనర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

సి డ్రైవ్ నిండిందని ఎర్రగీత కనిపించగానే చాలామంది డౌన్‌లోడ్స్‌నూ టెంప్ ఫోల్డర్‌నూ ఖాళీ చేస్తారు. అయితే అసలు బరువు తరచుగా విండోస్ ఫోల్డర్ లోపల దాగి ఉండే ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్‌లో పేరుకుపోయి ఉంటుంది. మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్ల ఎంఎస్‌ఐ ఫైళ్లు (ఇన్‌స్టాల్ ప్యాకేజీలు), వాటి అప్‌డేట్లకు చెందిన ఎంఎస్‌పి ఫైళ్లు (ప్యాచ్‌లు) అక్కడ నిల్వ ఉంటాయి. నా 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ల్యాప్‌టాప్‌లో పాత ఎంఎస్‌ఐ పద్ధతి ఆఫీస్‌తో పాటు పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ కూడా ఏళ్ల తరబడి అప్‌డేట్ అవుతూ రావడంతో, ఆ ఫోల్డర్ మోయలేనంతగా పెరిగింది. అప్పటి నుంచి, అందులో అవసరం తీరిన ఫైళ్లను గుర్తించే ప్యాచ్‌క్లీనర్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను.

ఈ ఫోల్డర్‌ను చేత్తో ఖాళీ చేయడం ప్రమాదకరం. ఒక సాఫ్ట్‌వేర్‌ను తీసేయాలన్నా, రిపేర్ చేయాలన్నా, దానిపై కొత్త ప్యాచ్ వేయాలన్నా విండోస్ ఈ ఫైళ్లనే వెతుక్కుంటుంది. అవి లేకపోతే తీసేయడమూ కుదరదు, అప్‌డేటూ ఎక్కదు. పైగా ఈ నిల్వ ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌దే కాబట్టి, పక్క కంప్యూటర్ నుంచి తెచ్చి పెడదామన్నా పనికిరాదు. ఫైళ్ల పేర్లేమో అర్థంలేని అంకెలు, అక్షరాలు. విండోస్‌లోని డిస్క్ క్లీనప్, స్టోరేజ్ సెన్స్ ఈ జోలికే రావు.

ప్యాచ్‌క్లీనర్ చేసే పని చిన్నదే. ఏ ఫైళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయో తెలిపే జాబితాను విండోస్ నుంచే తీసుకుని, ఫోల్డర్‌లోని ఫైళ్లతో పోల్చి, జాబితాలో లేనివాటిని అనాథ ఫైళ్లుగా లెక్కగట్టి, వాటి మొత్తం పరిమాణం చూపిస్తుంది. ఆపైన రెండు బటన్లుంటాయి: డిలీట్, మూవ్. నా దృష్టిలో ఈ పరికరం విలువంతా మూవ్‌లోనే ఉంది. అనాథలని తేలిన ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌కు తరలించి, అన్ని సాఫ్ట్‌వేర్లూ కనీసం ఒక్కసారైనా అప్‌డేట్ అయ్యేవరకూ అక్కడే ఉంచుతాను. డిలీట్ బటన్ నేను ముట్టుకోను. తిరిగి పెట్టాల్సివస్తే మనమే ఆ ఫైళ్లను పాత చోటికి కాపీ చేసుకోవాలి.

ఈ జాగ్రత్త చాదస్తం కాదు. అడోబీ అక్రోబాట్ ప్యాచ్‌లు నిజంగా అవసరమైనవే అయినా అనాథలుగా కనిపించే సందర్భాలున్నాయి. అందుకే ప్యాచ్‌క్లీనర్‌లో అక్రోబాట్‌ను పక్కనపెట్టే వడపోత ముందే అమర్చి ఉంటుంది. అదనపు జీబీల కోసం దాన్ని తీసేయడం తెలివైన పని కాదు. అనుమానం ఉన్న ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌దో తెలియాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో సబ్జెక్ట్ అనే నిలువు వరుసను తెరిస్తే చాలావరకు పేరు కనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. 2016 నాటి 1.4.2 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, రూపం కూడా ఆ కాలానిదే. ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోని ప్యాకేజ్ క్యాష్ అనే మరో నిల్వను ఇది చూడదు. ఇతర సాఫ్ట్‌వేర్లు నడవడానికి కావాల్సిన విజువల్ సి++ వంటివాటి సెటప్ ఫైళ్లు అక్కడే ఉంటాయి కనుక దాని జోలికి పోకపోవడం మంచిదే అనుకుంటాను. పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత మిగిలే పాత విండోస్ ఫోల్డర్ విండోస్.ఓల్డ్‌కు ప్యాచ్‌క్లీనర్ అవసరమే లేదు. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే దాన్ని తొలగిస్తుంది, తొందరుంటే డిస్క్ క్లీనప్ చాలు.

512 జీబీ ఉన్నవారికి నేను దీన్ని సిఫార్సు చేయను. చిన్న ఎస్‌ఎస్‌డీతో, పాత ఎంఎస్‌ఐ సాఫ్ట్‌వేర్లతో నెట్టుకొస్తున్నవారు మాత్రం ఒక బయటి డిస్క్ దగ్గర పెట్టుకుని వాడవచ్చు.